మెడిసిన్ హాట్ మట్టి ముచ్చట

ఇలా మంట దగ్గరికి జరగండర్రా. చిన్నా, ఆ దుప్పటి కాళ్ల మీదికి లాక్కో. పొద్దున బీరువా సర్దుతుంటే అడిగారుగా, "అమ్మమ్మా, ఇన్ని మగ్గులు దేనికి? ఒక్కటీ ఇంకోదానితో జత కలవదేం?" అని. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను. అయితే మగ్గుల కన్నా ముందు ఈ మంట సంగతి చెప్పాలి. కట్టె లేదు, బొగ్గు లేదు, మీట నొక్కితే వెలిగింది. ఈ గ్యాసు లేకపోతే ఆ మగ్గులూ లేవు, మన కుటుంబం ఈ ఊరు వచ్చేదీ కాదు.

1883 నాటి మాట. కెనడియన్ పసిఫిక్ రైల్వే వాళ్లు ఈ గడ్డి మైదానాల మీదుగా పట్టాలు వేసుకుంటూ పోతున్నారు. ఆవిరి ఇంజన్లకి నీళ్లు కావాలి కదా. మన ఊరికి పడమటగా లాంజెవిన్ అనేచోట నీళ్ల కోసం బోరు దింపారు. నీళ్లకి బదులు గ్యాసు తన్నుకొచ్చింది. ఆ తరవాత ఊళ్లోనే బావులు తవ్వి ఇళ్లకీ, వీధిదీపాలకీ, ఫ్యాక్టరీలకీ గొట్టాలు వేసుకున్నారు. 1907లో కిప్లింగ్ అనే ఇంగ్లీషు రచయిత ఇటు వచ్చినప్పుడు, నరకమంతా ఈ ఊరి నేలమాళిగలోనే ఉందన్నాడు. ఇక్కడివాళ్లు ఆ మాట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. డెబ్బైల్లో మీ తాతయ్య ఇక్కడి ఎరువుల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చింది కూడా ఈ గ్యాసు పుణ్యాన్నే. గ్యాసులోంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు. అందులోంచి యూరియా వస్తుంది.

గ్యాసు ఒక్కటే ఉంటే కుండలు పుట్టవు, మన్ను కావాలి. దక్షిణ సస్కాచువాన్ నది చుట్టుపక్కల ఇటుకకి పనికొచ్చే మన్ను దొరుకుతుంది. ఇంకాస్త తూర్పుకి, సైప్రెస్ కొండలు దాటి వెళ్తే సస్కాచువాన్ రాష్ట్రంలో రావెన్‌స్క్రాగ్ అని చిన్న పల్లె ఉంది. అక్కడి లోయ గట్లలో తెల్లమన్ను పొరలు పైకే కనిపిస్తాయి. వైట్‌మడ్ పొరలంటారు వాటిని. రాకాసి బల్లులు తిరిగిన కాలంలో, ఆరున్నర కోట్ల ఏళ్లకి పైమాటే, నదులు మోసుకొచ్చి పరిచిన మన్ను అది. ఇటుక మన్నుని మరీ కాలిస్తే ఉబ్బి, కరిగి కూలబడుతుంది. ఈ తెల్లమన్ను పన్నెండు వందల డిగ్రీలు దాటినా నిలబడుతుంది. చవగ్గా గ్యాసు, దగ్గర్లో మన్ను, గుమ్మంలో రైలు. ఈ మూడూ ఒక్కచోట కలవడంతో మెడిసిన్ హాట్ ఇటుకల ఊరయింది, గొట్టాల ఊరయింది, జాడీల ఊరయింది.

1912లో ఇక్కడ పెట్టిన కుండల ఫ్యాక్టరీయే తరవాత మెడాల్టా అయింది. గుమ్మటం కప్పుతో ఎర్ర ఇటుకల గుండ్రటి బట్టీలు ఉండేవి వాళ్లకి. లోపల కప్పు దాకా సామాను పేర్చి, గుమ్మానికి ఇటుకలు కట్టేసి, రోజుల తరబడి గ్యాసు మంట పెట్టేవాళ్లు. చల్లారడానికి మళ్లీ కొన్ని రోజులు. ఊరగాయలకి జాడీలు, వెన్న చిలకడానికి కవ్వం దిగే పొడుగు కుండలు, చిక్కుడు గింజలు ఉడకబెట్టే మూత కుండలు, హోటళ్లకీ రైళ్లకీ కప్పులూ పళ్లేలూ, అన్నీ ఇక్కడివే. పడమటి కెనడాలో తయారైన సరుకు మహా సరస్సులు దాటి తూర్పు రాష్ట్రాలకి వెళ్లడం మెడాల్టాతోనే మొదలు. అప్పటిదాకా ఇటునించి అటు గోధుమలూ పశువులూ వెళ్లేవి, అటునించి ఇటు వస్తువులు వచ్చేవి. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి కప్పులూ పళ్లేలూ వీళ్లే చేశారు. ఈ ఊళ్లో జర్మన్ యుద్ధఖైదీల శిబిరం ఉండేది, ఆ ఖైదీలు కూడా మెడాల్టాలో పనిచేశారు.

యుద్ధం అయ్యాక కాలం మారింది. ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది, గాజు సీసా వచ్చింది, విదేశాలనించి చవక సరుకు దిగింది. జాడీలతో పని తగ్గింది. 1954లో మెడాల్టా మూతపడింది. మేం వచ్చేనాటికి ఆ బట్టీలు చల్లబడి ఏళ్లయింది. రైలు పట్టాల పక్కన ఆ షెడ్లు చూసుకుంటూ కూరల కొట్టుకి నడిచి వెళ్లేదాన్ని. అవేమిటో నాకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. అప్పట్లో మన మాట వినాలంటే కాల్గరీ వెళ్లాలి, అది మూడు వందల కిలోమీటర్లు.

ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో మీ తాతయ్యకి ఆవకాయ మీదికి మనసు పోయింది. మామిడికాయ ఎక్కణ్ణించి తేను? పచ్చి ఆపిల్ పళ్లు పుల్లగా, గట్టిగా ఉండేవి దొరికితే వాటినే ముక్కలు కోశాను. ఆవాలు దంచాను, కారం ఇంటినించి తెచ్చుకున్నదే ఉంది. కలిపాక ఎందులో పెట్టాలి? ఉన్నవన్నీ చిన్న జామ్ సీసాలు. నేనలా వెతుక్కుంటుంటే పక్కింటి పెద్దావిడ చూసి, వాళ్ల నేలమాళిగలోకి తీసుకెళ్లింది. అక్కడ నేలమీద మోకాలెత్తు జాడీ. తెల్లటి గ్లేజు, ముందువైపు నీలిరంగులో మెడాల్టా ముద్ర, ఎన్ని గ్యాలన్లు పడతాయో అంకె. వాళ్లు జర్మన్ మాట్లాడే కుటుంబం. శీతాకాలానికి క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు వేసి అందులో ఊరబెట్టుకునేవాళ్లట. "పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, ఇంత జాడీ నాకెందుకు, తీసుకెళ్లు" అంది. మా అమ్మ వంటింటి అటకమీది జాడీ ఇక్కడ, ఈ చలిదేశంలో, ఇంకొకరింట్లో కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

అది మన జాడీకి అచ్చంగా చుట్టమేనర్రా. రెండూ స్టోన్‌వేర్. మన ఊరి కుమ్మరి ఆవంలో గడ్డీ పిడకలూ పెట్టి కాల్చిన కుండ ఏడెనిమిది వందల డిగ్రీలతో ఆగుతుంది. దాని ఒంట్లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీరు ఆ రంధ్రాల్లోంచి చెమర్చి, ఆవిరై, లోపలి నీళ్లని చల్లబరుస్తుంది. మంచినీళ్లకి అంతకన్న గొప్ప పాత్ర లేదు. కానీ ఆవకాయ పెడితే నూనె పీల్చేస్తుంది, ఉప్పు బయటికి పూస్తుంది. స్టోన్‌వేర్‌ని పన్నెండు వందల డిగ్రీలకి తీసుకెళ్తే మన్నులో కొంత భాగం కరిగి, మిగతా రేణువుల్ని పట్టేసి రాయి చేసేస్తుంది. పైన గ్లేజు గాజుపూత. ఉప్పు తినలేదు, పులుపు కొరకలేదు. అందుకే ఆవకాయైనా, జర్మన్ క్యాబేజీ అయినా అందులోనే పెట్టారు. కొత్తదేశంలో నాకు దొరికిన మొదటి స్నేహం ఆవిడతోనే, దానికి ఆ జాడీయే కారణం.

ఆవిడ ఈ ఊళ్లోనే ఇంకో కుండల ఫ్యాక్టరీ హైక్రాఫ్ట్‌లో ఏళ్ల తరబడి పనిచేసింది. కప్పులకి పిడులు అతికించడం ఆవిడ పని. అచ్చులో పోసిన కప్పు, అచ్చులో పోసిన పిడి. రోజంతా ఒకటే పని, ఒకటే కొలత. సంక్రాంతికి మన అరిసెలు తీసుకుని వెళ్తే, కాఫీ ఇచ్చి, ఆ కప్పు తిరగేసి అడుగున ముద్ర చూపించేది. "నా పేరు ఇందులో లేదు, కానీ ఈ పిడి నేను అతికించిందే అయ్యుండొచ్చు" అనేది. 1989లో హైక్రాఫ్ట్ కూడా మూతపడింది. ఆ రోజు ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. ఊరంతా ఇక ఇక్కడ కుండల పని అయిపోయిందనుకుంది.

కానీ అయిపోలేదు. ఎందుకంటే మన్ను ఎక్కడికీ పోలేదు. ల్యూక్ లిండో అని ఒకాయన ఉండేవాడు. శిల్పి, చిత్రకారుడు, కుమ్మరి. కాల్గరీ కళాశాలలో సెరామిక్స్ నేర్పడం మొదలుపెట్టింది ఆయనే. తరవాత ఈ ఊరొచ్చి, చుట్టుపక్కల గట్లన్నీ తిరిగి, ఏ పొరలో ఏ మన్నుందో పరీక్షించి, అరవైల్లో ప్లెయిన్స్‌మన్ క్లేస్ అనే సంస్థ పెట్టాడు. వాళ్లు పొరలు పొరలుగా తవ్వి, దంచి, జల్లెడ పట్టి, పాళ్లు కలిపి చేతిపని కుమ్మరులకి అమ్ముతారు. ఫ్యాక్టరీలు పోయినా, ఒక్కడే కూర్చుని సారె తిప్పుకునే కుమ్మరికి ఈ నేల మన్ను అందుతూనే ఉంది. బీరువాలో ఉన్న సగం మగ్గులు వాళ్ల ఎం340 అనే మన్నుతో చేసినవే.

ఆ గోధుమరంగు మగ్గు తీసుకురా అమ్మడూ, రెండో అరలో ఉంది. చూశారా, అంచు దగ్గర తేనెరంగు, లోపల దాదాపు నలుపు. పాతకాలంలో ఉత్తర అమెరికా జాడీల లోపల పూసే పూతకి న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర తవ్విన మన్ను వాడేవాళ్లు. దాన్ని నీళ్లలో కలిపి పూస్తే చాలు, ఆ వేడికి దానంతటదే కరిగి గ్లేజు అయ్యేది. 1980ల్లో ఆ తవ్వకం ఆగిపోయింది. కుమ్మరులందరూ తలపట్టుకున్నారు. అప్పుడు ప్లెయిన్స్‌మన్ వాళ్లు ఇక్కడి మన్నులు కలిపి, దానికి సాటి వచ్చేది తయారుచేశారు. ఆల్బర్టా స్లిప్ అంటారు దాన్ని. అంటే నీ చేతిలో ఉన్న మగ్గుకి ఒళ్లూ ఈ నేలదే, మెరుపూ ఈ నేలదే.

ఇలా ఒక్కళ్లే కూర్చుని మొదలు నించి చివరిదాకా తామే చేసే పద్ధతి కెనడాలో మరీ పాతదేం కాదు. 1930ల్లో న్యూ బ్రన్స్‌విక్‌లో డైష్‌మన్ దంపతులు కెల్డ్, ఎరికా దానికి దారి వేశారు. ఇంగ్లండులో సెంట్ ఐవ్స్ ఊళ్లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నించి వచ్చిన హమాదా షోజీ 1920లో కుమ్మరిశాల పెడితే, తరవాతి రోజుల్లో వాంకూవర్ వైపు కుర్రాళ్లు అక్కడికి వెళ్లి పని నేర్చుకుని వచ్చారు. రోజూ వాడే గిన్నె కూడా అందంగా ఉండాలి, అది మనిషి చెయ్యి పెట్టి చేసిందై ఉండాలి అన్నది వాళ్ల పట్టుదల. డెబ్బైల్లో పట్నాలు వదిలి పల్లెల్లో స్థిరపడ్డ యువకులు ఎంతోమంది సారె పట్టారు. మేం వచ్చినప్పుడు సంతల్లో ఆ గోధుమరంగు బరువు మగ్గులే ఎక్కడ చూసినా. హార్న్‌బీ దీవిలో వేన్ న్గాన్, విక్టోరియా పక్క మెచోసిన్‌లో రాబిన్ హాపర్ లాంటి పెద్ద చేతులు ఆ తరంలోనే ఎదిగాయి.

మెడాల్టా ఏమైందంటారా? 1985లో ఆ పాడుబడ్డ షెడ్లకి జాతీయ చారిత్రక స్థలమని గుర్తింపు వచ్చింది. ఊరివాళ్లు పట్టుబట్టి బాగుచేసుకున్నారు. ఇప్పుడు పాత బట్టీలు మ్యూజియంలో ఉన్నాయి. పక్కనే కొత్త పనిశాల కట్టి, దేశదేశాల కుమ్మరుల్ని పిలిచి కొన్నాళ్లో ఏడాదో ఉండి పనిచేసుకోమంటారు. నేను మగ్గులు కొనేది అక్కడే. అప్పుడప్పుడు వేరే ఊళ్లలో మంచివి కనబడ్డా, చూసి ఆనందించి వచ్చేస్తాను. నాకు ఒక్క చోటే చాలు.

ఎందుకో చెప్తాను. పదిచోట్ల పది కొంటే అవి పది వస్తువులు. ఒక్కచోట ఏళ్ల తరబడి కొంటే ఆ చోటు బతికిన తీరు నీ ఇంట్లో ఉంటుంది. మన్ను మారదు, బట్టీ పెద్దగా మారదు, మారేది చెయ్యి. ఇదిగో ఈ పొట్టి మగ్గూ, ఆ నీలిదీ ఒక్క అమ్మాయి చేసినవే. మొదటిది ఇక్కడికి వచ్చిన కొత్తలోది. అడుగు మందం, పిడి కాస్త బరువు. రెండోది వెళ్లిపోయే ముందు చేసింది. అంచు పల్చన, పట్టుకుంటే చేతిలో బరువే తెలియదు. అదే మనిషి, అదే మన్ను. మధ్యలో ఆమె ఎన్ని చేసి, ఎన్ని పిసికి మళ్లీ ముద్ద చేసిందో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మొదటిది లోపాలున్నదని పారేస్తే రెండోదాని విలువ ఎవరికి తెలుస్తుంది?

మగ్గు చెయ్యడం చూడాలర్రా మీరు. మన్ను ముద్దని ముందు పిండి పిసికినంతసేపు పిసికి గాలి తీసేస్తారు. సారె మధ్యలో కొట్టి, రెండు చేతులా అదిమి నిలబెడతారు. అది నిలబడకపోతే తరవాత ఏదీ నిలబడదు. బొటనవేళ్లతో లోపలికి తెరిచి, లోపల ఒక చెయ్యి, బయట ఒక చెయ్యి పెట్టి గోడని పైకి లాగుతారు. సగం ఆరాక తిరగేసి అడుగు చెక్కుతారు. పిడి మాత్రం సారె మీద రాదు. మన్ను కాడని తడిచేత్తో గేదె పొదుగు పితికినట్టు కిందికి లాగి లాగి సాగదీస్తారు. అందుకే చేతిపని పిడిమీద వేళ్ల జాడ పొడుగునా ఉంటుంది. అతికించేచోట గీతలు పెట్టి, పల్చటి మన్ను రాసి నొక్కుతారు.

ఆ తరవాతే అసలు గండం. ఈ ఊరి గాలి పొడి. పిడి సన్నం, ఒళ్లు మందం. పిడి ముందు ఎండిపోయి ముడుచుకుంటుంది, ఒళ్లు ఇంకా తడిగా ఉంటుంది, అతుకు దగ్గర చీలిక వస్తుంది. అందుకని ప్లాస్టిక్ కాగితం కప్పి రోజుల తరబడి మెల్లగా ఆరబెడతారు. ఎండేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి నూటికి పన్నెండు వంతుల దాకా కుదించుకుపోతుంది. ఆ లెక్కంతా ముందే మనసులో వేసుకుని పెద్దగా చేస్తారు. ఒకసారి వెయ్యి డిగ్రీలకి కాలుస్తారు, గ్లేజు ముంచుతారు, రెండోసారి పన్నెండు వందల ఇరవై దగ్గరికి తీసుకెళ్తారు. బట్టీలో చిన్న శంకువులు పెడతారు. ఆ వేడీ, అది పట్టిన కాలమూ సరిపోయాయంటే శంకువు తలవంచుతుంది. ఇంత జరిగాక కూడా బట్టీ తెరిస్తే కొన్నింటికి గ్లేజు కారి అరకి అతుక్కుని ఉంటుంది, కొన్నింటికి సూదిమొన రంధ్రాలుంటాయి. అరలమీద అమ్మకానికి నిలిచింది ఇన్ని గండాలు దాటి వచ్చిందన్నమాట. ధర చూసి ఎక్కువ అనేవాళ్లకి నేనీ సంగతి విసుగు లేకుండా చెప్తాను.

మీరు కొనేటప్పుడు కళ్లతో కొనకండి. చేత్తో కొనండి. ఖాళీ మగ్గు పట్టుకుంటే బరువు మణికట్టుని ముందుకి లాగకూడదు. పిడిలో మీ వేళ్లు ఇరుక్కోకూడదు, వేళ్ల వెనక వేడి గోడ తగలకూడదు. అంచు పెదవికి ఆనించినట్టు ఊహించుకోండి. మరీ మందమైతే కాఫీ జారిపోతుంది, మరీ పల్చనైతే త్వరగా పెచ్చు లేస్తుంది. తిరగేసి అడుగు చూడండి. గ్లేజు లేని ఆ వలయం దగ్గరే అసలు మన్ను కనిపిస్తుంది, కుమ్మరి ముద్ర కూడా అక్కడే ఉంటుంది. అడుగుని శ్రద్ధగా చెక్కినవాడు మిగతాదంతా శ్రద్ధగానే చేసి ఉంటాడు. ఇంకొకటి, పాత సంతల్లో ముదురు రంగుల గ్లేజు గిన్నెలు కొంటే వాటిలో పులుపు పెట్టకండి, అప్పటి కొన్ని రంగుల్లో సీసం ఉండేది. అలాంటివి అలంకారానికే ఉంచండి.

చేసినవాళ్లు అక్కడే ఉంటే మాట్లాడండి. ఏ మన్ను, ఏ గ్లేజు, ఎన్ని విరిగాయి అని అడగండి. వాళ్లకి ఆ మాటలంటే ప్రాణం. ఒక అబ్బాయి నా కోసం పిడి కాస్త వెడల్పు చేసి ఇచ్చాడు, నా వేళ్ల కీళ్లు వాచి ఉండటం చూసి. నేను అడగలేదు. ఫ్యాక్టరీ కప్పు అందరి చేతికీ ఒకటే కొలత పెడుతుంది. చేతిపనివాడు ఎదుటి చెయ్యి చూస్తాడు. నేనిన్నేళ్లుగా డబ్బు పెట్టింది ఆ చూపుకే. పక్కింటి పెద్దావిడ బతికుంటే ఆ అబ్బాయిని ఆవిడ దగ్గరికి తీసుకెళ్లి ఉండేదాన్ని. జీవితమంతా పిడులు అతికించినావిడ, అడుగున తన పేరు రాసుకునే రోజు రాకుండానే పోయింది. ఇప్పటివాళ్లు తమ పేరు రాసుకుంటున్నారు. దానికి నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇంక ఈ మగ్గుల సంగతి. నా తరవాత వీటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. తలా ఒక రెండు తీసుకోండి, రోజూ కాఫీ తాగండి. వాడుతుంటే ఒకటో రెండో విరుగుతాయి. విరగనివ్వండి. విరిగిన రోజున మెడాల్టాకి వెళ్లి, అప్పుడు సారె ముందు కూర్చున్నది ఎవరైనా సరే, ఏ దేశం వాళ్లయినా సరే, వాళ్ల చేతి మగ్గు ఇంకోటి కొనుక్కోండి. రెండు ఫ్యాక్టరీలు నా కళ్లముందు ఈ ఊళ్లో ఖాళీగా నిలబడ్డాయి. మన్ను లేక కాదు, గ్యాసు లేక కాదు, కొనేవాళ్లు తగ్గిపోయి. ఈ పనిశాల అలా కాకూడదు. ఈ మన్ను మీద బతికే చేతులు నిలవాలంటే కొనే ఇళ్లు కొన్ని ఉండాలి. వాటిలో మన ఇల్లొకటిగా ఉండాలి. నేను మిమ్మల్ని కోరేది అదే.